మే నెలాఖరులో మౌంట్ వాషింగ్టన్ మీద మంచు తుపాను: సగం దారిలో వెనక్కి తిరగడం తప్పా?

కృష్ణాతీరం
గత శనివారం మేం నలుగురం, అంటే నేను, మా ఆవిడ, వదిన, మా తోడల్లుడు కలిసి న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ ఎక్కడానికి వెళ్లాం. బోస్టన్ చుట్టుపక్కల మే నెలాఖరు అంటే ఇంట్లో ఫ్యాన్లు తిరిగే రోజులు. ముందు రోజు రాత్రి ఫోనులో కొండ దగ్గరి ఊరు నార్త్ కాన్వే వాతావరణం చూశాను. 58 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో 14. కొద్దిగా మబ్బు. ఇంతకంటే మంచి రోజు దొరకదనుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు సర్దుకుని బయలుదేరాం.

పింకమ్ నాచ్ దగ్గర కారు దిగగానే నల్ల ఈగలు ముఖం మీద మూగాయి. చొక్కా చేతులు మడిచి నడిచాం. రెండు మైళ్లు వెళ్లేసరికి దారి మధ్యలో శీతాకాలపు మంచు, తొక్కి తొక్కి గట్టిపడి గోడలా నిలబడి ఉంది. దాని మీంచి అడుగు పక్కకు పడితే తొడ దాకా దిగబడుతోంది. టకర్‌మన్ లోయలోంచి నిటారుగా పైకి వెళ్లే భాగం మూసేశారని బోర్డు ఉంటే లయన్ హెడ్ దారి పట్టాం. చెట్లు అయిపోయిన చోట చినుకు కాస్తా మంచు రవ్వగా మారింది. అది పైనుంచి పడటం లేదు, పక్కనుంచి వచ్చి చెంపకు కొడుతోంది. దారి గుర్తుకు పేర్చిన రాళ్ల గుట్టల్లో తరువాతిది కనబడటం మానేసింది.

లయన్ హెడ్ దగ్గర ఒక బండ చాటున కూర్చుని వదిన పులిహోర డబ్బా తీసింది. క్లిప్పు ఎత్తబోతే రాలేదు. రెండు చేతులా ప్రయత్నించింది. వేళ్లు తనవి కానట్టు డబ్బా మీద జారిపోతున్నాయి. నేను తీసుకున్నాను, నాకూ రాలేదు. అప్పుడు అన్నాను, వెనక్కి వెళ్దామని. మా తోడల్లుడు ఒప్పుకోలేదు. శిఖరం మైలుకు కాస్త పైన, అక్కడ భవనం ఉంది, వేడి సూపు ఉంది, రైలు ఉంది అన్నాడు. పది నిమిషాలు వాదించుకుని చివరికి దిగాం.

అప్పటినుంచి మా అత్తవారి వాట్సాప్ గ్రూపులో "చిన్నల్లుడు భయపడ్డాడు" అన్న కథ నడుస్తోంది. నిన్న విజయవాడ నుంచి అత్తగారు ఫోన్ చేసి "బాబూ, ఒంట్లో బాగానే ఉంటోందా?" అని అడిగారు. చెప్పండి, నేను చేసింది తప్పా? వాతావరణం చూసుకునే వెళ్లాం కదా, ఇలా ఎందుకైంది?

మంచుకొండ_మూర్తి
వెనక్కి తిరగడంలో తప్పు లేదు. ముందు రోజు రాత్రి ఫోను చూసిన తీరులో ఉంది. మీరు చూసింది లోయలో, సముద్రమట్టానికి దాదాపు 500 అడుగుల ఎత్తున ఉన్న ఊరి సంగతి. ఎక్కబోయింది 6,288 అడుగుల కొండ. గాలి పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది, సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్. ఊరికీ శిఖరానికీ ఒకటిముప్పావు కిలోమీటర్ల ఎత్తు తేడా ఉంది. 14లోంచి 11 తీసేయండి. అదీ ఆకాశం దయతలిచిన రోజున. చలిగాలి ఒకటి తోసుకొస్తే ఆ మూడు డిగ్రీలు కూడా మిగలవు.

శిఖరం మీద అబ్జర్వేటరీ ఉంది. 1932 నుంచి మనుషులు అక్కడే ఉండి వాతావరణం రాసిపెడుతున్నారు. ఊళ్ల కోసం కాకుండా ఎత్తైన శిఖరాల కోసమే వాళ్లు ప్రతిరోజూ సూచన ఇస్తారు. అది చదవకుండా నేను కారు తాళం కూడా తీయను. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. అందులో మొదటి ఆరేళ్లు నేనూ మీలాగే ఊరి వాతావరణం చూసుకునే వెళ్లాను, అబద్ధం ఎందుకు.

పెసరట్టు_ఉప్మా
అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. పులిహోర ఏమైంది?

కాగడా
నేను తోడల్లుడి పక్షం. ఆ శిఖరం మీదకు కారు రోడ్డుంది, 1869 నుంచి పళ్లచక్రాల రైలుంది, పైన భవనంలో క్యాంటీన్ ఉంది. ఎవరెస్టు ఏమీ కాదు. మైలు దూరంలో పైకప్పు పెట్టుకుని మూడు మైళ్లు తడుస్తూ దిగడం ఏం తెలివి? మేం 2019 ఆగస్టులో ఎక్కాం. పైన పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు.

మంచుకొండ_మూర్తి
కాగడా గారూ, మీరు ఆగస్టులో ఎక్కిన కొండ వేరు, వీళ్లు ఎక్కిన కొండ వేరు. పేరొక్కటే ఒకటి.

లయన్ హెడ్ నుంచి పైకి ఆ మైలు దారిలో ఒక్క చెట్టు లేదు. మంచు పట్టిన బండల మీద, గాలికి ఎదురు నిలబడి, రాళ్ల గుట్టలు వెతుక్కుంటూ వెళ్లాలి. గంటలో అయ్యేది రెండు గంటలవుతుంది. కిందికైతే అర మైలు తిరగకముందే చెట్లలో పడతారు, గాలి చచ్చిపోతుంది. దిగాల్సింది మూడు మైళ్లే కావచ్చు, ప్రాణం మీదికొచ్చే భాగం మాత్రం ఆ అర మైలే. ఇక రోడ్డు, రైలు అంటారా, వాతావరణం చెడితే మొదట ఆగేవి అవే. పైకి చేరాక "ఈరోజు బండ్లు లేవు" అంటే మళ్లీ అదే దారిన కాళ్లతో దిగాలి, ఈసారి అలసిపోయి, తడిసిపోయి.

లంబసింగి_చలి
అల్లూరి జిల్లావాడిని. డిసెంబరులో మా దగ్గర గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది. జనం హైదరాబాదు నుంచి వచ్చి ఫొటోలు తీసుకుని, మంట చుట్టూ కూర్చుని "ఎంత చలో" అని వెళ్లిపోతారు. అమెరికావాళ్లకు మే నెలలో కూడా చలా? అన్యాయం.

లెక్కలమాస్టారు
లంబసింగి గారూ, చలి వేరు, గాలితో కూడిన చలి వేరు. మీ ఊళ్లో తెల్లారుజామున గాలి ఆడదు, అందుకే మంచు గడ్డి మీద కూర్చుంటుంది. ఇక్కడ ఉష్ణోగ్రత 30 ఫారన్‌హీట్, గాలి గంటకు 50 మైళ్లు అనుకోండి. అమెరికా వాతావరణ శాఖ సూత్రంలో వేస్తే ఒంటికి తగిలేది 12. మన లెక్కలో మైనస్ 1 కాస్తా మైనస్ 11 అవుతుంది. పైగా గాలి వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. 25 మైళ్ల గాలిలో టోపీ పోతుంది, 50 మైళ్ల గాలిలో మనిషి అడుగు తప్పుతాడు.

కాగడా
సూత్రాలు సరే మాస్టారూ. ఎత్తు మాట చెప్పండి. 6,288 అడుగులంటే 1,917 మీటర్లు. ఊటీ దొడ్డబెట్ట 2,637. అక్కడ వేరుశనగకాయలు తింటూ తిరుగుతాం. ఈ చిన్న కొండకు ఇంత భజనా?

లెక్కలమాస్టారు
దొడ్డబెట్ట పదకొండున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, ఇది 44 దగ్గర. మీటర్లతో పని లేదు. పడమటి నుంచి, దక్షిణం నుంచి, తీరం వెంబడి వచ్చే తుపాను దారులు ఈ ప్రాంతంలోనే కలుస్తాయి. వాటికి అడ్డంగా లేచిన గోడ ఇది, ఈశాన్య అమెరికాలో ఇంతకంటే ఎత్తైనది లేదు. గాలి దీని మీదుగా పోవాలంటే ఇరుక్కుని, వేగం పుంజుకుని పోవాలి. ఏడాదిలో 100కి పైగా రోజులు అక్కడ తుపాను స్థాయి గాలి, అంటే గంటకు 74 మైళ్లు దాటిన గాలి నమోదవుతుంది. 1934 ఏప్రిల్ 12న 231 మైళ్లు కొలిచారు. ప్రపంచ రికార్డు. ఏప్రిల్ అని గమనించండి, జనవరి కాదు.

నిజంనిప్పు
చిన్న సవరణ. ఇప్పుడది ప్రపంచ రికార్డు కాదు. 1996లో ఆస్ట్రేలియాలోని బారో దీవిలో తుపాను సమయంలో యంత్రం 253 మైళ్లు నమోదు చేసింది.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నాను. కానీ అక్కడ యంత్రం ఒంటరిగా ఉంది. ఇక్కడ మనుషులు ఉండి కొలిచారు. గాలిలోకి వెళ్లి యంత్రానికి పట్టిన మంచు కొట్టి వచ్చి మరీ కొలిచారు.

పెసరట్టు_ఉప్మా
ఇద్దరూ కలిసి ఆ అత్తగారికి కూడా వివరిస్తే చిన్నల్లుడి పరువు దక్కుతుంది.

రాత్రిడ్యూటీ
వెర్మాంట్‌లో నర్సుగా చేస్తున్నాను. అందరూ గాలి లెక్కలు చూస్తున్నారు, నాకు మొదటి పోస్టులో కనబడింది ఆ డబ్బా క్లిప్పు. ఒళ్లు చల్లబడుతున్నప్పుడు శరీరం ముందుగా చేతులకు, కాళ్లకు రక్తం తగ్గించేస్తుంది, లోపలి అవయవాలను కాపాడుకోవడానికి. వేళ్ల నేర్పు పోతుంది. జిప్పు లాగలేరు, సీసా మూత తిప్పలేరు. తరువాత అడుగులు తడబడతాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, మనిషి ఊరికే చిరాకు పడతాడు. ఆ దశలో అడిగితే ప్రతివాళ్లూ "నాకేం కాలేదు" అనే అంటారు, ఎందుకంటే బుర్ర కూడా చల్లబడుతోంది కదా. వణుకు ఆగిపోతే మాత్రం బాగుపడ్డారని సంతోషించకండి, అది ఆసుపత్రి కేసు.

కృష్ణాతీరం గారూ, వదినగారు ఏ బట్టల్లో వచ్చారు?

కృష్ణాతీరం
జీన్స్, నూలు కుర్తీ, పైన పల్చటి జాకెట్టు. జీన్స్ మోకాళ్ల దాకా తడిసి, గాలికి రేకులా బిగుసుకుపోయింది. మీరు చిరాకు అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఆ పది నిమిషాల వాదనలో మా తోడల్లుడు నన్ను రెండుసార్లు మా మావయ్యగారి పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు వెటకారం అనుకున్నాను.

రాత్రిడ్యూటీ
వెటకారం కాకపోవచ్చు.

నూలు గుడ్డ తడిస్తే ఆరదు. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడి జీన్స్ వేసుకోవడం అంటే కాళ్లకు చన్నీళ్ల కట్టు కట్టుకుని నడవడమే. ఉన్ని అయితే తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. అలాంటి స్థితిలో ఎవరైనా ఉంటే గాలి లేని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు విప్పి పొడివి తొడగండి. తినగలిగితే తీపి పెట్టండి. చేతులు గట్టిగా రుద్దకండి, మందు పోయకండి. "ఒక్క పెగ్గు వేస్తే వెచ్చబడుతుంది" అనే పెద్దమనిషి ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు, వాణ్ణి ముందే కారులో వదిలేయండి.

పెసరట్టు_ఉప్మా
ఆ పెద్దమనిషి గురించి ఇంత కచ్చితంగా చెబుతున్నారంటే మా బాబాయి మీకు తెలుసన్నమాట.

గోదారి_గట్టు
అమెరికా దాకా అక్కర్లేదు. ఏటా మే నెలలో మనవాళ్లు కేదార్‌నాథ్‌లో చేసేది ఇదే. 3,583 మీటర్ల ఎత్తు. గుడి తలుపులు తెరిచేది ఏప్రిల్ చివరో మే మొదట్లోనో, అప్పటికింకా పక్కన మంచు గోడలు నిలబడే ఉంటాయి. రాజమండ్రిలో 44 డిగ్రీల ఎండలో రైలెక్కినవాళ్లకు స్వెట్టరు ఎలా గుర్తొస్తుంది?

మా నాన్న 61 ఏళ్ల వయసులో పంచె కట్టుకుని గౌరీకుండ్ నుంచి నడుస్తానన్నారు. 16 కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు. ఎండగా ఉందని స్వెట్టరు సంచిలో పెట్టి, ఆ సంచి గుర్రం మీద ముందు పంపేశాం. లించోలి దాటాక వడగళ్లు, తరువాత మంచు. గౌరీకుండ్‌లో కొన్న పల్చటి ప్లాస్టిక్ కోటు మొదటి గాలికే చంక దగ్గర చిరిగింది. నాన్న రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని "శివశివా" అంటూ నడుస్తున్నారు. కొంతసేపటికి ఆ మాట కూడా తిరగలేదు, "శి... శి..." అంటున్నారు. ఒక టీ కొట్టాయన లోపలికి లాగి, ఆ పంచె విప్పించి, తన కంబళి కప్పి, చక్కెర ఎక్కువేసి మూడు గ్లాసులు టీ తాగించాడు. డబ్బులిస్తే టీకి మాత్రమే తీసుకున్నాడు. గుర్రం, సంచి, స్వెట్టరు మాకంటే నాలుగు గంటల ముందే దర్శనానికి చేరాయి.

స్వాతిచినుకు
గోదారి గారూ, నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నాన్నగారు బాగున్నారా?

గోదారి_గట్టు
భేషుగ్గా ఉన్నారు. స్వెట్టరు ఇప్పుడు మే నెలలో రాజమండ్రిలో కూడా చేతిసంచిలోనే ఉంటుంది.

కాగడా
కేదార్‌నాథ్‌కు వృద్ధులు వెళ్తారు, అది వేరే సంగతి. ఈ నలుగురూ ముప్పైల్లో ఉన్నవాళ్లు. మన పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది, అదీ మే నెలలోనే!

బెంగళూరు_బాటసారి
పూర్ణ 2014 మే 25న ఎక్కింది నిజమే. అంతకుముందు భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌లలో నెలల తరబడి శిక్షణ తీసుకుంది. జీన్స్‌లో పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లలేదు.

వయసు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్లిన బృందం మంచు తుపానులో చిక్కుకుంది. 22 మందిలో 9 మంది చనిపోయారు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, చాలామందికి ట్రెక్కింగ్ అనుభవం ఉంది. ఆ వారం ఇక్కడ బెంగళూరులో మా ట్రెక్కింగ్ గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. జూన్‌లో మంచు ఏమిటి అని అప్పటిదాకా అడిగేవాళ్లం, ఇప్పుడు అడగం.

మంచుకొండ_మూర్తి
జూన్ మాటకొస్తే వాషింగ్టన్ మీద కూడా ఒక పాత కథ ఉంది. 1900 జూన్ 30న విలియం కర్టిస్, అలన్ ఆర్మ్స్‌బీ అనే ఇద్దరు శిఖరం మీద జరిగే పర్వతారోహణ క్లబ్బు సమావేశానికి నడిచి బయలుదేరారు. కర్టిస్ అరవై దాటినా పేరున్న వ్యాయామవేత్త, చలికి కోటు కూడా వేసుకోడని ప్రసిద్ధి. దారిలో మంచు తుపాను పట్టుకుంది. ఇద్దరూ చేరలేదు. ఆ తరువాతే క్లబ్బువాళ్లు ఆ దారిలో తలదాచుకునే గుడిసె కట్టారు, 1915లో దగ్గర్లోనే లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్ అనే రాతి విడిది వచ్చింది. నేను జూలైలో ఆ విడిదిలో ఒక రాత్రి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే బయట బండల మీద తెల్లగా ఉంది.

1849 నుంచి లెక్క చూస్తే ఆ కొండ, పక్క శిఖరాలు కలిపి 150 మందికి పైగా ప్రాణాలు తీసుకున్నాయి. కాగడా గారన్న "చిన్న కొండ" ఇదే.

కాగడా
సరే, మాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నది కాదు. కానీ మీరందరూ చెప్పేది వింటే ఇక మనం ఇంట్లో కూర్చుని బజ్జీలు తినడమే మిగిలింది.

పెసరట్టు_ఉప్మా
అందులో తప్పేముంది? దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అన్నారా. దూరం నుంచే చూద్దాం.

అమాయకచక్రవర్తి
కొత్తవాణ్ణి. జూన్ రెండో వారంలో వెళ్లాలని టికెట్లు కొన్నాం, న్యూజెర్సీ నుంచి. మానుకోవాలా? ఏం తీసుకెళ్లాలి?

మంచుకొండ_మూర్తి
మానుకోనక్కర్లేదు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం, ఆ రోజు పొద్దున శిఖరం సూచన చదవండి. గాలి 40 దాటుతుందంటే పక్కనే చిన్న కొండలున్నాయి, వాటికి వెళ్లండి. ఒంటికి ఉన్ని లేదా పాలిస్టర్, పైన గాలీ వానా ఆపే కోటు, ప్యాంటు మీద తొడిగే వాన ప్యాంటు, రెండు జతల చేతి తొడుగులు. మైక్రోస్పైక్స్ అని బూట్లకు తొడిగే ముళ్ల గొలుసులు సంచిలో వేసుకోండి, మే జూన్‌లలో కూడా. నెత్తికి కట్టుకునే లైటు. ఫోను చలికి చచ్చిపోతుంది, కాగితం మ్యాపు ఉండాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో పొద్దునే కారు దగ్గర నిర్ణయించుకోండి, పైన బండ చాటున కూర్చుని కాదు.

ఇంకోటి, న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యం వల్ల ఇరుక్కుంటే రక్షణ ఖర్చు మన దగ్గర వసూలు చేయగలరు. ఏడాదికి 25 డాలర్ల హైక్‌సేఫ్ కార్డు తీసుకుంటే మామూలు పొరపాట్లకు ఆ బాధ ఉండదు. మరీ బరితెగిస్తే అది కూడా కాపాడదు.

అమాయకచక్రవర్తి
మంకీ క్యాప్ పనికొస్తుందా? అమ్మ ఊరి నుంచి రెండు పంపింది, సిగ్గుపడి అలమరలో పెట్టాను.

రాత్రిడ్యూటీ
బ్రహ్మాండంగా పనికొస్తుంది. చెవులు, మెడ, గడ్డం అన్నీ కప్పుతుంది. ఇక్కడి దుకాణాల్లో అదే వస్తువును బలాక్లావా అని పేరు పెట్టి నలభై డాలర్లకు అమ్ముతారు.

లంబసింగి_చలి
నాకు ఈ చర్చలో నచ్చిన మొదటి వాక్యం ఇది.

గోదారి_గట్టు
సంచిలో పులిహోర బదులు సున్నుండలు పెట్టుకోండి. నెయ్యి, బెల్లం, మినుములు. గడ్డకట్టినా కొరుక్కుని తినొచ్చు, క్లిప్పు డబ్బా అక్కర్లేదు, కవరులో సరిపోతాయి.

స్వాతిచినుకు
ఇంతమంది మాట్లాడారు, ఆ ఇద్దరు ఆడవాళ్లు ఏమనుకున్నారో ఒక్కరూ అడగలేదు. అల్లుళ్లు పది నిమిషాలు వాదించుకుంటుంటే వాళ్లు గాలిలో నిలబడ్డారు కదా.

కృష్ణాతీరం
న్యాయమైన ప్రశ్న. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా కిందికి రెండడుగులు వేసి నిలబడింది. వదిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. లేవమంటే లేచింది.

పెద్దల్లుడు_నేనే
ఆ తోడల్లుణ్ణి నేనే. ఎవరో లింకు పంపారు. ఇంత పెద్ద మహాభారతం నడుస్తుంటే నాకు చెప్పరా?

మొదటి విషయం, మా తమ్ముడు కొన్ని సంగతులు దాచాడు. థర్మాస్ ఫ్లాస్కు నిండా అల్లం టీ తెచ్చి కారు డిక్కీలో మరిచిపోయింది ఎవరు? చలికోటు "ఎందుకన్నయ్యా బరువు" అని నా చేత తీయించింది ఎవరు? రెండో విషయం, నేను శిఖరం కోసం మొండికేయలేదు. మా ఆవిడ వణుకుతోంది, దగ్గర్లో పైకప్పు ఉంది, అక్కడికి చేరిస్తే చాలనుకున్నాను. కాగడా గారు అన్నదే నా లెక్క.

మూడో విషయం, మావయ్యగారి పేరు పెట్టి పిలిచానన్నది అబద్ధం.

రాత్రిడ్యూటీ
పెద్దల్లుడు గారూ, ఆ పది నిమిషాల్లో మీరు ఏమేం మాట్లాడారో మీకు గుర్తుందా? నిజంగా అడుగుతున్నాను.

పెద్దల్లుడు_నేనే
గుర్తుంది. దాదాపు.

సూపు గురించి మాట్లాడినట్టు గుర్తు.

మంచుకొండ_మూర్తి
దగ్గర్లో పైకప్పు ఉందని పైకి వెళ్లాలనిపించడం సహజం. నేనూ ఒకసారి అదే చేశాను, తొమ్మిదేళ్ల క్రితం, అక్టోబరులో. అదృష్టం బాగుండి ఒక బృందం ఎదురై మమ్మల్ని కిందికి తిప్పింది. గాలికి ఎదురుగా బండల మీద మంచు ఈకలు ఈకలుగా పెరగడం చూశారా? గాలి ఎటునుంచి వస్తోందో ఆ ఈకలు అటే పెరుగుతాయి. ఆ రోజు మా కోటు చేతుల మీద కూడా పెరుగుతున్నాయి. ఎంత అందంగా ఉన్నాయో అని ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పుడు చూస్తే నా వేలు సగం అడ్డం పడి ఉంటుంది.

పెద్దల్లుడు_నేనే
ఈకలు మా ఆవిడ శాలువా మీద చూశాను. శాలువా కుట్టుపని అనుకున్నాను.

స్వాతిచినుకు
ఇక వాదన అక్కర్లేదనుకుంటాను.

నిజంనిప్పు
గ్రూపులో ఒక సవరణ వేస్తే బాగుంటుంది పెద్దల్లుడు గారూ. "భయపడ్డాడు" అన్నది తప్పు సమాచారం కదా.

పెద్దల్లుడు_నేనే
మా ఆవిడే వేసింది. ఇప్పుడే చూశాను. ఆ పులిహోర డబ్బా ఫొటో పెట్టి, "దీని మూత ఆ కొండ మీద తీయగలిగినవాళ్లు మాత్రమే ఇకమీదట మాట్లాడండి" అని రాసింది. అత్తగారు కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఎవరికి పెట్టారో తెలియదు.

బెంగళూరు_బాటసారి
బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు, మీరు ఏకంగా పులిహోర తిన్నారు. తిన్నారా, లేదా?

కాగడా
మళ్లీ ఎప్పుడు వెళ్తున్నారు? నేనూ వస్తాను, ఆగస్టు కొండ చూపిస్తాను.

కృష్ణాతీరం
జూలై చివరి వారం. మూర్తి గారి జాబితా అచ్చు తీసి ఫ్రిజ్ మీద అంటించాం. చలికోటు తీయించింది నేనే, ఒప్పుకుంటున్నాను. మామిడితాండ్ర, సున్నుండలు వదిన బాధ్యత, టీ ఫ్లాస్కు అన్నయ్య బాధ్యత. నాకు అప్పగించరట.

పెసరట్టు_ఉప్మా
మళ్లీ అడుగుతున్నాను. పులిహోర ఏమైంది?

కృష్ణాతీరం
కారులో తిన్నాం. హీటరు వేసుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాక అన్నయ్యే మూత తీశాడు. మధ్యలో మెతుకులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. పోపులో ఎండుమిరపకాయలన్నీ మా ఆవిడ ఏరుకుని తినేసింది, ఎప్పుడూ తినదు.